రాగి పెన్నీకి చింతపండు పెట్టకండి

పక్కింటి పెద్దాయన పాత ఐరిష్ పెన్నీని, అంటే రాగి చిల్లర నాణేన్ని, చింతపండుతో తోమింది నేనే. ఈ మాట ముందే చెప్పుకుంటే తప్ప మిగతాది రాయబుద్ధి కావడం లేదు.

మేం ఐర్లండ్‌లో డ్రోహెడా అనే ఊళ్లో ఉంటాం. డబ్లిన్‌కి ఉత్తరాన, బోయిన్ నది సముద్రంలో కలిసే చోటు. నేను నర్సుని, ఇక్కడికొచ్చి పదకొండేళ్లయింది. మా పక్కింట్లో ఒక పెద్దాయన ఒక్కరే ఉంటారు, ఎనభై దాటాయి. పోయిన చలికాలం ఆయన ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి వెళ్లాలనుకున్నప్పుడు సామాను సర్దడానికి నేనూ ఓ చెయ్యి వేశాను. అటక మీంచి పాత బిస్కెట్ డబ్బా ఒకటి దించబోతే చెయ్యి లాగేసింది, అంత బరువు. మూత తీస్తే అన్నీ రాగి నాణేలు. "వీటికి ఏమైనా వస్తుందేమో చూసిపెడతావా? నాకు చూపు ఆనడం లేదు" అన్నారు. డబ్బా మా ఇంటికి వచ్చింది.

బందరులో మా అమ్మమ్మ ప్రతి శుక్రవారం పొద్దున్నే రాగిచెంబులూ పూజ సామానూ ముందేసుకుని, చింతపండులో కాస్త ఉప్పు కలిపి తోమేది. పక్కన కూచుని నీళ్లు పోసే పని నాది. నల్లబడిన రాగి కనిపిస్తే నా చేతులు ఇప్పటికీ ఆ పనే చేస్తాయి. డబ్బాలో ఒక పెన్నీ మిగతావాటిలా అరిగిపోలేదు. దాని మీది కోడిపెట్ట బొమ్మలో రెక్క ఈకలు విడివిడిగా కనిపిస్తున్నాయి, చుట్టూ ఐదు పిల్లలూ ముక్కులతో సహా ఉన్నాయి. ఒళ్లంతా వేయించిన కాఫీగింజ రంగు, నున్నగా. ఇంత బాగున్నదాన్ని ఇంకాస్త మెరిపిస్తే పెద్దాయన సంతోషిస్తారనుకున్నాను. ఐదు నిమిషాల పని. కడిగి తుడిచేసరికి లేత గులాబీ రంగులో తళతళలాడింది. సంవత్సరం అప్పుడు చూశాను: 1940.

1940 అంటే ఏమిటో వారం తర్వాత తెలిసింది.

ఐర్లండ్ స్వతంత్ర రాజ్యమయ్యాక సొంత నాణేలు మొదలుపెట్టింది 1928లో. ఆ ఏడాది పెన్నీలు 90 లక్షలు కొట్టారు. 1942లో 1 కోటి 75 లక్షల 20 వేలు. ఈ రెంటికీ మధ్య 1940లో కొట్టినవి 3 లక్షల 12 వేలు మాత్రమే. పైగా అంతకుముందు పెన్నీల మీద రాజ్యం పేరు ఐరిష్ భాషలో 'సేర్‌స్టాట్ ఏరన్' (ఐరిష్ స్వేచ్ఛా రాజ్యం) అని ఉండేది. 1937 రాజ్యాంగం వచ్చాక అది 'ఏర' (ఐర్లండ్) అయింది. కొత్త పేరుతో జనం చేతుల్లోకి వచ్చిన మొదటి పెన్నీ ఈ 1940దే. 1938 తేదీతో నమూనాగా కొట్టిన పెన్నీలు లోకం మొత్తం మీద రెండే ఉన్నట్టు తెలుసు, అవి మనలాంటివాళ్ల డబ్బాల్లో దొరికేవి కావు. దొరికేవాటిలో పెన్నీలు సేకరించేవాళ్లు ముందు అడిగేది 1940నే.

డబ్లిన్‌లో నాణేల సంత జరిగితే పట్టుకెళ్లాను. అక్కడి డీలరు భూతద్దం కంటికి పెట్టుకుని, నాణేన్ని అంచుతో పట్టి, దీపం కింద కొద్దిగా అటూ ఇటూ వంచారు. ఒక్క క్షణం చాలింది ఆయనకి. "ఎప్పుడు తోమారు?" అన్నారు. తోమకముందు తెచ్చి ఉంటే వంద యూరోలకి తక్కువ చెప్పేవాణ్ణి కాదు, ఇప్పుడైతే పదిహేను అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు, బాధ ఉంది. నాకు మాత్రం తల ఎత్తబుద్ధి కాలేదు. అది నా నాణెం కాదు. తెలియని సామాను ముట్టుకునే ముందు అడగాలని ఆసుపత్రిలో రోజూ కొత్తపిల్లలకి చెప్పేది నేనే.

ఆ డీలరు అరగంట కూచోబెట్టి రాగి గురించి చెప్పారు. ఆ అరగంట కోసమే ఈ పోస్టు రాస్తున్నాను.

టంకశాలలో అచ్చు పడ్డప్పుడు లోహం ఒత్తిడికి మధ్యలోంచి అంచులవైపు పాకుతుంది. ఆ పాకిన సన్నటి గీతల వల్లే కొత్త నాణెం వెలుగులో తిప్పితే మెరుపు చక్రంలా తిరుగుతుంది. రాగి గాలి సోకగానే మారడం మొదలెడుతుంది: ముందు ఎరుపు, తర్వాత ఎరుపూ గోధుమా కలిసిన రంగు, చివరికి నిండు గోధుమ. ఆ గోధుమ రంగుని మనం మురికి అనుకుంటాం. నిజానికి అది నాణెం మీద దానంతటదే కట్టిన పలచటి పొర, చర్మం లాంటిది. చింతపండులో, నిమ్మకాయలో, వెనిగర్‌లో ఉన్న పులుపు ఆ పొరనే కాదు, దాని కిందున్న సన్నటి గీతలనీ తినేస్తుంది. మళ్లీ రంగు తిరుగుతుంది కానీ ఆ గీతలు తిరిగి రావు. వెండి అయితే కొంత ఓర్చుకుంటుంది, రాగి ఓర్చుకోదు. అందుకే సేకరించేవాళ్లు పుట్టుకతో వచ్చిన ఎరుపుకి ఎక్కువ ఇస్తారు, కదిలించని గోధుమకి బాగానే ఇస్తారు, తోమి తెచ్చిన ఎరుపుకి మొహం తిప్పుకుంటారు. ఒకే సంవత్సరం, ఒకే అచ్చు, పక్కపక్కన పెట్టిన రెండు పెన్నీల మధ్య పదింతల తేడా దీనివల్లే వస్తుంది.

మట్టి మరీ అంటుకుని ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రుద్దకుండా, గుడ్డ మీద ఆరనివ్వాలి. జిడ్డు ఉంటే స్వచ్ఛమైన అసిటోన్, అంతే. గోళ్లరంగు తుడిచే సీసాలో దాంతోపాటు ఇంకేవో కలుపుతారు, అది వద్దు. మెత్తటి ప్లాస్టిక్ సంచుల్లో కొన్నాళ్లకి పచ్చటి జిగురు పడుతుంది, కాబట్టి కాగితపు కవర్లే మేలు. బొటనవేలు బొమ్మ మీద పెట్టకూడదు; వేలిముద్ర రాగిలో దిగిపోతే మళ్లీ పోదు.

డబ్బాలో ఎక్కువ ఈ 1928 నుంచి 1968 దాకా వచ్చినవే. వీటిని అందరూ రాగి అంటారు కానీ కచ్చితంగా చెప్పాలంటే కంచు: 95.5 శాతం రాగి, 3 శాతం తగరం, ఒకటిన్నర శాతం జింకు. పెన్నీ 9.45 గ్రాములు, మన పాత రూపాయి కంటే వెడల్పు. ఇంత ముద్దొచ్చే చిల్లర నేనింకెక్కడా చూడలేదు. పావు పెన్నీ మీద పొడుగుముక్కు వుడ్‌కాక్ పిట్ట, అర పెన్నీ మీద పిల్లలతో ఆడపంది, పెన్నీ మీద పిల్లలకోడి. పై విలువల్లో కుందేలు, వేటకుక్క, ఎద్దు, సాల్మన్ చేప, గుర్రం. రెండోవైపు అన్నిటికీ వీణలాంటి హార్ప్. డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో అద్దాల పెట్టెలో ఉన్న మధ్యయుగపు హార్ప్‌ని చూసి గీసింది అది.

ఈ నాణేల కమిటీకి అధ్యక్షుడు కవి యేట్స్. అప్పుడాయన సెనేటర్. ప్రాచీన గ్రీకుల నాణేల మీద జంతువుల బొమ్మలంటే ఆయనకి ప్రాణం. ఐర్లండ్‌లోనివాళ్లనీ బయటివాళ్లనీ కొందరు శిల్పుల్ని పిలిచి నమూనాలు తెప్పిస్తే, చివరికి మొత్తం వరస పెర్సీ మెట్‌కాఫ్ అనే ఇంగ్లిషు శిల్పికి దక్కింది. మన నాణేలు ఇంగ్లిషువాడు గీయడమేంటని కొందరు, దేవుడి గుర్తు ఒక్కటీ లేదు, అన్నీ పశువులేనా అని కొందరు గొడవపెట్టారు. వ్యవసాయశాఖవాళ్లు ఎద్దునీ పందినీ చూసి, సంతలో ఇలాంటి పశువుని ఎవరూ కొనరు, ఒళ్లు మార్చమన్నారు. మార్చారు. మొదట గీసిన పంది పోయిందని యేట్స్ బాధపడ్డాడు. పాడీ పంటా మీద బతికిన దేశంలో పంది దౌడ ఎంత ఉండాలో పశువుల సంగతి తెలిసినవాళ్లే చెప్పడం నాకైతే న్యాయంగానే అనిపిస్తుంది.

ఇంగ్లిషు రాజుల కాలంలో ఒకవైపు రాజు తల, రెండోవైపు హార్ప్ ఉండేవి కాబట్టి ఇక్కడ బొమ్మా బొరుసా అనడానికి 'తలా హార్పా' అనేవారట. 1928లో తల పోయింది, మాట మాత్రం మిగిలింది. పెద్దాయన చిన్నప్పుడు ఆదివారం ప్రార్థన అయ్యాక నాలుగురోడ్ల కూడలిలో మగాళ్లు పెన్నీలు ఎగరేసి పందెం కాసేవారని చెప్పారు. అంచులు నొక్కుకుపోయిన పెన్నీలు డబ్బాలో చాలా ఉన్నాయి. అమ్మకానికి పనికిరావు. నేను వాటిని వేరే పెట్టాను.

నన్ను తికమకపెట్టింది పావు పెన్నీ. 1931లో, 1932లో, 1935లో కొట్టినవి ఏటా 1 లక్షా 92 వేలు. 1940 పెన్నీ కంటే తక్కువ కదా, మరి ఖరీదు ఎక్కువుండాలి అనుకున్నాను. కాదు. ధర కొట్టినవాటి లెక్క మీద నడవదు; బాగున్న స్థితిలో మిగిలినవి ఎన్ని, వాటికోసం తిరిగేవాళ్లు ఎందరు అన్నదాని మీద నడుస్తుంది. పావు పెన్నీతో బజారులో పెద్ద పని లేదు. కాబట్టి పెన్నీలా చేతులు మారి అరగలేదు, సొరుగుల్లో మిగిలిపోయింది, ఈరోజుకీ మెరుస్తూ దొరుకుతుంది. పెన్నీ బస్సుకీ బ్రెడ్డుకీ తిరిగి తిరిగి అరిగింది, అరగనిది దొరకడమే కష్టం.

డబ్బులో దశాంశ పద్ధతి (పౌండుకి వంద పెన్నీలు) వచ్చింది 1971 ఫిబ్రవరి 15న. గాబ్రియెల్ హేయ్స్ అనే ఆవిడ పాత చేతిరాత గ్రంథాల్లోని, అల్లికలా గీసిన పిట్టల బొమ్మల్ని తీసుకుని కొత్త అర పెన్నీ, పెన్నీ, రెండు పెన్నీల మీద పెట్టారు. వీటిలో దాదాపు దేనికీ ధర లేదు. 1985 అర పెన్నీ ఒక్కటి మాత్రం వెతకదగింది, ఎందుకంటే కొట్టినవాటిలో చాలావరకు మళ్లీ కరిగించేశారు. మా డబ్బాలో లేదు.

డబ్బా అడుగున ఒక సిగరెట్ కాగితంలో చుట్టి ఉన్నది వేరే రకం. పసుపు కలిసిన నలుపు రంగు, వంకర అంచు. ఒకవైపు పొడవు జుట్టు రాజు. రెండోవైపు కిరీటం, దానికి అడ్డంగా రెండు రాజదండాలు, రోమన్ అంకెల్లో ముప్పై, 1689, కింద నెల పేరు: అక్టోబరు. చిల్లర నాణెం మీద నెల వేయడం నేనెప్పుడూ చూడలేదు. పెద్దాయన వాళ్ల నాన్నకి పొలం దున్నుతుంటే నాగలికి తగిలిందట.

దీన్ని గన్ మనీ అంటారు, ఫిరంగుల డబ్బు. ఇంగ్లండ్‌లో గద్దె పోయిన రాజు రెండో జేమ్స్ ఐర్లండ్‌లో సైన్యం కూడగట్టాడు. జీతాలివ్వడానికి వెండి లేదు. పాత ఫిరంగులు, చర్చి గంటలు, వంటపాత్రలు కరిగించి డబ్లిన్‌లోనూ లిమరిక్‌లోనూ నాణేలు కొట్టించాడు. వాటి మీద విలువ వెండి నాణేల విలువే. యుద్ధం గెలిచాక నెలల వారీగా వీటిని వెనక్కి తీసుకుని అసలు వెండి ఇస్తామని మాట, అందుకే నెల వేశారు. 1690 జులైలో మా ఊరికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో బోయిన్ ఒడ్డున జేమ్స్ ఓడిపోయి ఫ్రాన్స్ పారిపోయాడు. అతని గద్దెనెక్కి, ఈ యుద్ధం గెలిచిన విలియం వెంటనే ఆ ముప్పై పెన్నీల నాణేన్ని ఒక పెన్నీకి దించేశాడు. సంతలో గొర్రెని అమ్మి ఈ నాణేలు మూట కట్టుకున్న రైతు పొద్దున లేచేసరికి ముప్పైలో ఇరవైతొమ్మిది వంతులు పోయాయి. సాయంత్రాలు నేను నడకకి వెళ్లే దారి ఆ యుద్ధభూమి పక్కనుంచే.

అప్పట్లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కాబట్టి 1689 డిసెంబరు తర్వాత వచ్చింది 1689 జనవరి! మార్చి నాణేలు మాత్రం 1689తోనూ ఉంటాయి, 1690తోనూ ఉంటాయి. సేకరించేవాళ్లు నెలలన్నీ కూడబెట్టాలని చూస్తారు. అరుదైన నెలకి ఒక ధర, మామూలు నెలకి ఒక ధర. మాది మామూలు నెల, అరిగింది. ముప్పై నలభై యూరోలు అన్నారు. మూడువందల ముప్పై ఏళ్ల నాటి నాణెం, నేను పాడుచెయ్యకముందు ఆ 1940 పెన్నీ పలికే ధరలో సగం కూడా లేదు. పాతది కాబట్టి ఖరీదైనది అనుకోవడం ఎంత తప్పో దీనంత బాగా ఇంకేదీ చెప్పదు.

అయినా దీన్ని అమ్మే మాట ఎత్తలేదు. ఐర్లండ్‌లో భూమిలో దొరికిన పురావస్తువుని 96 గంటల్లోగా నేషనల్ మ్యూజియానికి తెలియజేయాలని చట్టం ఉంది, అనుమతి లేకుండా మెటల్ డిటెక్టరుతో పాతవస్తువులు వెతకడమూ నేరమే. ఆ నాగలి కాలం వేరనుకోండి. అయినా పెద్దాయనకి చెప్పి, ఫొటోలతో మ్యూజియానికి రాశాం. జవాబు కోసం చూస్తున్నాం.

సంతలో ఇంకో ఐరిష్ రాగి చూశాను, కొనలేదు. 1723 నాటి వుడ్ అర పెన్నీ. ఐర్లండ్‌కి 360 టన్నుల రాగి చిల్లర కొట్టే హక్కుని విలియం వుడ్ అనే ఇంగ్లిషు లోహవ్యాపారి రాజు గారి ప్రియురాలు కెండల్ డచెస్ దగ్గర 10,000 పౌన్లకి కొనుక్కున్నాడు. ఐరిష్ పార్లమెంటుని ఒక్క మాట అడగలేదు. డబ్లిన్ సెయింట్ పాట్రిక్ కెథడ్రల్ డీన్ (ఆ చర్చి పెద్ద), రచయిత జొనాథన్ స్విఫ్ట్ బట్టలకొట్టువాడి పేరు పెట్టుకుని, ఈ నాణెం ముట్టుకోవద్దని జనానికి ఉత్తరాలు అచ్చేసి పంచాడు. రాసిందెవరో చెప్తే 300 పౌన్లు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఊరందరికీ తెలుసు, ఒక్కరూ చెప్పలేదు. 1725లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. నాణెం మాత్రం మంచిదే. లండన్ టంకశాలలో ఐజాక్ న్యూటన్ పరీక్ష చేయించి సరిగ్గానే ఉందన్నాడు. జనం తిప్పికొట్టింది రాగిని కాదు, అడగకపోవడాన్ని. ఇక్కడ చెల్లని ఆ నాణేలు కొన్ని అమెరికా వలసల్లోకి చేరాయి. అందుకే ఈరోజు వాటిని అమెరికావాళ్లు తమ తొలినాళ్ల నాణేలుగా లెక్కేసి కొంటారు, ధర వాళ్లే పెంచుతారు.

డబ్బాలో నాకు అన్నిటికంటే నచ్చింది 1805 పెన్నీ. అచ్చమైన రాగి, అరచేతిలో పెడితే బరువు తెలుస్తుంది. మూడో జార్జి ఒకవైపు, కిరీటం పెట్టిన హార్ప్ ఇంకోవైపు, పైన హైబర్నియా అని లాటిన్ పేరు. బర్మింగ్‌హామ్‌లో మాథ్యూ బోల్టన్ సోహో టంకశాలలో ఆవిరియంత్రంతో కొట్టింది. అంచు ఎక్కడా వంకర లేదు. అరిగింది కాబట్టి పదిహేను యూరోలే.

ఆ సోహో పేరు చదివి మా మావయ్యకి ఫోన్ చేశాను. అమ్మమ్మ పూజపెట్టెలో ఒక పెద్ద రాగిడబ్బు ఉండేది. వ్రతాలకి కలశం కింద పెట్టేది. మావయ్య ఫొటో పంపాడు. కంపెనీ గుర్తు లీలగా ఉంది, అంచున ఇంగ్లిషులో '48 టు వన్ రూపీ', అంటే 48 కలిపితే రూపాయి. 1794లో ఈస్టిండియా కంపెనీ ఉత్తర సర్కారుల కోసం, అంటే మా బందరు వైపు చెలామణీ కోసం, అదే బోల్టన్ సోహో టంకశాలలో కొట్టించిన నాణెం. పక్కింటి ఐరిష్ పెద్దాయన డబ్బాలోదీ, మా అమ్మమ్మ పెట్టెలోదీ, పదకొండేళ్ల తేడాతో ఒకే టంకశాల నుంచి బయల్దేరాయి. రెండు మూడుసార్లు చదువుకున్నాను ఆ మాట. డబ్బు అనే మాట కూడా మనకి ఇలాంటి రాగినాణెం పేరే, తర్వాత మొత్తం సొమ్ముకి పేరైంది.

మావయ్య వెంటనే అడిగింది, "ఒసే, లక్షలొస్తాయంటగా? ఎవరో వాట్సాప్‌లో పెట్టారు, ముందు కాస్త కమీషన్ కడితే వాళ్లే కొంటారట." కట్టొద్దు మావయ్యా అని గట్టిగా చెప్పాను. పాత నాణేలూ నోట్లూ కొంటామని తమ పేరు వాడుకుని కమీషన్లూ పన్నులూ వసూలుచేసే మోసగాళ్లున్నారని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. నిజంగా కొనేవాడు నాణెం చేతిలో పెట్టించుకుని చూస్తాడు, డబ్బు వాడిస్తాడు, మన దగ్గర తీసుకోడు. ఇది చదివేవాళ్ల ఇళ్లలో పెద్దవాళ్లుంటే దయచేసి ఈ ఒక్క సంగతి చెప్పండి.

పెద్దాయనకి లెక్క రాసిచ్చాను. 1928 నుంచి పెన్నీలు నాలుగు మంచివి, పావు పెన్నీలు ఏడు, 1805ది, మిగతా కుప్ప అంతా కలిపి నూట నలభై యూరోలని తేలింది. 1940ది నేను పాడుచేశానని ఒప్పుకుని, తేడా నేనిస్తానన్నాను. ఆయన ఒప్పుకోలేదు. చివరికి 1805 పెన్నీని దాని ధరకీ, 1940ని తోమకముందు ధరకీ నేనే కొనుక్కున్నాను. అంతకు తక్కువైతే నాకు నిద్ర పట్టదని చెబితే సరేనన్నారు.

1940 పెన్నీ ఇప్పుడు కాగితపు కవర్లో బీరువాలో ఉంది. గులాబీరంగు కాస్త తగ్గి, అంచుల్లో మచ్చలు మచ్చలుగా నల్లబడుతోంది. సంక్రాంతికి బందరు వెళ్తున్నాం. గ్రాములు చూపించే చిన్న తక్కెడ, భూతద్దం, కవర్లు సర్దిపెట్టాను. అమ్మమ్మ శుక్రవారాలన్నీ కలిసి ఆ 1794 డబ్బు మీద ఎంత రాగి మిగిల్చాయో తూచి చూడాలి. ఈలోగా దాన్ని కడగొద్దని మావయ్యకి చెప్పాను. అత్తయ్యకి కూడా ఫోన్ చేసి విడిగా చెప్పాను, ఎందుకంటే ఇప్పుడు ఆ పూజ సామాను తోమేది ఆవిడ.